గుమ్మం చూపబడింది

నమోదు 1. మాఘం.

ముందువాకిలి శాఖలో పనిచేసేవాళ్ళు ఏ రోజు ఏ గుమ్మం ముట్టుకున్నారో ఆ రోజే రాసిపెట్టాలి. అది రూలు. రాసింది ఎవరైనా చదవాలని మాత్రం రూలు లేదు. పోయిన కార్తీకంలో పరీక్ష కోసం నమోదు మధ్యలో బచ్చలికూర పులుసు ఎలా పెట్టాలో రాశాను. పైనుంచి "అందినది, సంతృప్తికరం" అని జవాబొచ్చింది. అందుకని ఇవాళ్టినుంచి కొత్తగా మొదలుపెట్టి నాకు తోచింది రాస్తాను.

ఇవాళ్టి పని: చింతపండు దుకాణం గుమ్మానికి బొత్తాం బెత్తెడు కిందికి దించాను. పొట్టివాళ్ళు ఎగిరెగిరి నొక్కుతున్నారని ఫిర్యాదు వచ్చింది. బొత్తాం అంటే మా కళ్ళలో ఉండే కంటిరేకు గోడమీద గీసి చూపించే బొమ్మే. ఆ బొమ్మ మీద వేలు పడిందని రేకు చెబితే తలుపు పక్కకి జరుగుతుంది. గోడకి ఏమీ తెలియదు, అది వట్టి సున్నం. ఉప్పుగాలికి ఇనుము నిలవదని ఈ మెట్టఊరు కట్టిననాడే గొళ్ళేలూ బోర్డులూ వద్దనుకున్నారు. పొద్దున్నే రేకు తీసి కళ్ళు కడుక్కునేటప్పుడు చూస్తే ఊరంతా ఒకటే తెల్లగోడ. ఏ గోడ వెనక బియ్యముందో, ఏ గోడ వెనక డాక్టరున్నాడో ఆ కాసేపు నాకూ తెలియదు.

మా ఆయన భావనారాయణ రేకు తీయలేడు. సముద్రం తరుముకొస్తే మొదటి పడవల్లో వచ్చినవాళ్ళే తూర్పువీధి జనం. అప్పట్లో ఉన్న తామర రకం రేకుల్ని వాళ్ళందరి కళ్ళకీ కుట్టేశారు. ఇప్పుడు తీస్తే రేకుతోపాటు చూపు కూడా వచ్చేస్తుంది. నేను తర్వాతి పడవల్లో వచ్చినదాన్ని కాబట్టి నాది తీసి పెట్టుకునే రకం. "ముందొచ్చిన సెవులకన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడంట" అని పెళ్ళైన నాటినుంచీ మా ఆయన నన్ను దెప్పుతూనే ఉన్నాడు.

నమోదు 2. మాఘం.

ధవళ రకం రేకులొచ్చాయి. ముందు శాఖలోవాళ్ళకే ఇచ్చారు. పెట్టుకుని చూస్తే కడుపు నిండిపోయింది, అబద్ధమెందుకు. ఇన్నాళ్ళూ గుమ్మాన్ని గీత గీతా మేమే గీసి పంపేవాళ్ళం. ఇక "ఇంత గోడుంది, ఇంత మంది ఉన్నారు, నువ్వే చూసి సర్దుకో" అని ఒక్క మాట పంపితే చాలు. మనిషి ఎత్తునిబట్టి, ఎండనిబట్టి, చూపునిబట్టి రేకే గీసుకుంటుంది. ముసలావిడకి అక్షరాలు పెద్దవవుతాయి. ఎడమచేతివాడికి బొత్తాం ఎడమకి జరుగుతుంది. చింతపండు దుకాణం ముందు ఎగిరేవాళ్ళ కష్టం దానంతటదే తీరిపోయింది. ఈ పనిలోకి వచ్చిన దగ్గర్నుంచీ మొక్కుకున్నవన్నీ ఒకేసారి తీరినట్టనిపించింది.

మధ్యాహ్నం మా పెద్ద ధనుంజయరావుగారు ఉత్తర్వు చదివారు. దాంతో తిన్నది అరగలేదు.

గుమ్మం ముందుకి రాగానే ప్రతి రేకూ తానెవరో చెప్పుకుంటుంది. శాఖలో దాన్ని ప్రవర అంటాం. ఒకప్పుడు అన్నిటికన్నా ముందు వచ్చిన గవ్వ రకం రేకులకి మాత్రమే మంచి గుమ్మాలు చూపించేవారు. అందుకని తర్వాత పుట్టిన తామర "నేను గవ్వని, గవ్వ వంటి తామరని" అనడం నేర్చుకుంది. ధవళ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. "నేను గవ్వని, తామర వంటిదాన్ని, ధవళని" అంటుంది. అంత కొత్తదానికీ పాతవాళ్ళ ఇంటిపేర్లు లేకపోతే గడవదు. ఉత్తర్వు ఏమిటంటే, సోమవారం నుంచి ప్రవరలో ధవళ అన్న మాట లేని రేకులకి నీళ్ళ గుమ్మం, బియ్యం గుమ్మం చూపించకూడదు. "మీ రేకు పాతది. మార్చుకోండి" అని నోటీసు చూపించాలి.

"తూర్పువీధివాళ్ళవి తీస్తే కళ్ళు పోతాయండీ," అన్నాను.

"నాకు తెలియదా తాయారుగారూ? పైకి రాశాను. జవాబు లేదు."

"అసలు పేరు అడగడం ఎందుకండీ? ఈ కొత్త గీత గీయగలవా అని అడుగుదాం. గీయగలిగితే కొత్త గుమ్మం, లేకపోతే పాతది."

"అలా అడిగి జవాబు తెచ్చుకునేసరికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఊరందరికీ రోజూ ఆ రెప్పపాటు ఎందుకు దండగ అంటున్నారు."

ధనుంజయరావుగారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయనే మళ్ళీ పిలిచి చెప్పారు, గాలివానలో ఊరంతా తలదాచుకునే తుఫాను గుమ్మాల దగ్గర మాత్రం పేరు చూడరట. గుమ్మాల ముందు చెప్పుకున్న ప్రవరల లెక్కలో పాత రేకు ఒక్కటి మిగిలినా ఆ గుమ్మాలకి ఊతకర్ర తీయకూడదట. "ఒక్కటున్నా సరే. ఆ మాట నేను పోట్లాడి పెట్టించాను," అన్నారు.

ఊతకర్ర అనేది మా పనిలో మాట. గుమ్మంలో పైన కొత్త మాట రాసి, దాని కింద పాత మాట కూడా ఉంచుతాం. రేకుకి ఒక గుణం ఉంది. తనకు తెలియని మాట వస్తే తప్పు అని అరవదు, అర్థం కాలేదని చెప్పదు. మౌనంగా దాటేసి కింద మాట అందుకుంటుంది. కింద మాటే లేకపోతే ఏమీ గీయదు. మనిషికి తెల్లగోడ కనిపిస్తుంది.

నమోదు 4. మాఘం.

ఒక రేకుకి రోజుకి రెండు బిందెలు. మా ఇంటికి ఇప్పుడు నా రెండు బిందెలే. అందులో వంటకి, తాగడానికి, అచ్చియ్యమ్మ పిన్నికి సగం బిందె. ఆవిడ మా పక్కింట్లో ఒక్కతే ఉంటుంది. రోజూ నీళ్ళ గుమ్మం దగ్గరికెళ్ళి నోటీసుకి దణ్ణం పెట్టి వస్తోంది. "ఏటి రాశాడమ్మా అందులో? రోజూ ఒకటే రాత్తన్నాడా, మారుత్తన్నాడా?" అని నన్నడుగుతుంది.

మా ఆయన పంపుహౌసులో మెకానిక్కు. ఈ ఊరి గొంతులోకి దిగే ప్రతి చుక్కా ఆయన తోడిందే. కుడిచేతి చిటికెనవేలు పై కణుపు పంపు బెల్టుకి ఇచ్చేశాడు. అలాంటి మనిషికి నీళ్ళ గుమ్మం తెరుచుకోదు. ఇంటికొచ్చి ఖాళీ బిందె వైపు చూసి, "పెళ్ళివారి ఇంట్లో వంటోడికి పస్తు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నమోదు 5. మాఘం.

పిన్ని దాహం తట్టుకోలేక కాలవలో ఉప్పునీళ్ళు తాగి వాంతులు చేసుకుంది. డాక్టరు గుమ్మం దాకా మా ఆయన భుజాన మోసుకెళ్ళాడు. తిరిగొచ్చాక నేను మనసులో ఉన్నది బయటపెట్టాను. రేకు చెప్పుకునే ప్రవర చివర ఒక మాట చేర్చడం నాకు అన్నం వార్చినంత పని. "ధవళని" అని చేర్చేస్తే గుమ్మం తెరుచుకుంటుంది. నీళ్ళ గుమ్మాల్లో ఊతకర్ర ఇంకా ఉంది కాబట్టి ఆయన రేకు పాత పద్ధతిలోనే గీసుకుంటుంది. ఎవరికీ నష్టం లేదు.

"ఇంకోడి పేరు సెప్పుకోమంటావేటే?" అన్నాడు.

"రేకు పేరే కదండీ. మీ పేరు కాదుగా."

"ఇన్నేళ్ళు నా కంట్లో ఉంది. దాని పేరు ఏరు, నా పేరు ఏరు కాదు. తామర అంటే తామరే."

"తామర అంటే నీళ్ళు రావు."

"రాకపోతే రాకపోనీ. మనం ఉన్నావని ఆళ్ళకి తెలియాలా, అక్కర్లేదా? లెక్కెట్టేవోడి కంట్లో పడకుండా పోతే మనకేటి మిగిలింది?"

"కంట్లో పడితే ఏం ఒరిగిందండీ? పడ్డారు, నోటీసు చూపించాడు."

గోడవతల పిన్ని మూలుగుతోంది. ఆయన కుర్చీ నా ముందుకి లాక్కుని కూర్చుని, తల వెనక్కి వాల్చి, "కానియ్యి," అన్నాడు. ఆ మాట గెలిచానని నేను సంతోషపడ్డాను. ఆ సంతోషం కూడా ఇందులో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

నమోదు 6. ఫాల్గుణం.

మా ఆయనకి గుమ్మం తెరుచుకుందని విని ఒక్క మధ్యాహ్నంలో తూర్పువీధి అంతా మా ఇంటి ముందుకి వచ్చేసింది. ఒకరు మాగాయ తెచ్చారు, ఒకరు ఎండు మెత్తళ్ళు. మా ఆయనకి హుషారొచ్చింది. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, పనైన ప్రతివాళ్ళ నెత్తినా నాలుగు బియ్యపు గింజలు వేసి, "ధవళ గోత్రోద్భవస్య, దీర్ఘాయుష్మాన్ భవ," అని పంపించాడు. అచ్చియ్యమ్మ పిన్ని కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడు నేను కొత్తదాన్నా అమ్మాయ్?" అంది. "కొత్త పెళ్ళికూతురివి," అన్నాడు మా ఆయన. వీధంతా నవ్వింది. తర్వాత బిందెలు చంకనెత్తుకుని అందరూ నీళ్ళ గుమ్మానికి వెళ్ళారు. అందరికీ తెరుచుకుంది.

నమోదు 9. ఫాల్గుణం.

శాఖలో బూరెలు పంచారు. పాత రేకుల లెక్క సున్నాకి దిగింది. "చూశారా, కాస్త ఒత్తిడి పెడితే అందరూ మారారు," అని పైనుంచి ప్రశంస వచ్చింది. ధనుంజయరావుగారు ఆ కాగితం చదివి, "పాపం, వాళ్ళ కళ్ళకి ఏం కాలేదు కదా?" అని నన్నే అడిగారు. లేదన్నాను. నా చేతిలో బూరె పెట్టారు. తిన్నాను. నెయ్యి బాగానే వేశారు.

నమోదు 12. ఉగాది ముందు.

ఉగాదికి ముందు ఇల్లు దులిపినట్టే మా శాఖలోనూ గుమ్మాలు దులుపుతాం. ఎవరూ వాడని మాటలు తీసేస్తాం, గుమ్మం తేలికవుతుంది. ఈ ఏడు దులపాల్సినవాటిలో మొట్టమొదట ఉన్నది: ఊతకర్రలు. కారణం: పాత రేకులు, సున్నా.

ఇది ఇలాగే అవుతుందని నాకు ముందే తట్టాల్సింది. లెక్క చూసి తీసెయ్యడం నాకు కొత్త కాదు. ఎన్నో గుమ్మాల్లోంచి నా చేత్తో నేనే తీశాను. సున్నా అంటే ఎవరూ లేరనే అనుకున్నాను తప్ప, ఉన్నవాళ్ళు పేరు మార్చుకుని ఉండొచ్చని ఎప్పుడూ అనుకోలేదు.

ధనుంజయరావుగారి దగ్గరికెళ్ళి, ఊతకర్రలు ఇంకొన్నాళ్ళు ఉంచుదామన్నాను. "ఎవరికోసం?" అన్నారు. బల్ల సర్దుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన చేస్తున్న పని ఆపలేదు, తాడుకి ముడి వేసుకుంటూనే విన్నాడు. వీధిలోవాళ్ళు నలుగురూ చేరారు. నిజం చెప్పేద్దామన్నాను. అచ్చియ్యమ్మ పిన్ని మొహం పాలిపోయింది. "సెప్తే రేపటికల్లా నోటీసు మల్లీ ఎట్టేత్తాడు కదమ్మా," అంది. చెప్పకపోతే ఏదో ఒకరోజు గుమ్మమే కనపడకుండా పోతుందన్నాను. ఏదో ఒకరోజుకి, రేపటికి మధ్య ఎవరైనా ఏది ఎంచుకుంటారు?

చివరికి తేలింది ఏమిటంటే, నీళ్ళ గుమ్మాలు, బియ్యం గుమ్మాలు నా చేతికిందే ఉన్నాయి. దులిపినట్టు రాసి, దులపకుండా వదిలేస్తాను. తుఫాను గుమ్మాలు పెరటివాళ్ళు చూస్తారు. అంటే గోడ వెనక యంత్రాలు చూసే శాఖ. అవి ఏడాదికోసారి వాడేవి కాబట్టి వాళ్ళు ఎప్పుడూ ఆఖరున ముడతారు. వాళ్ళు ముట్టేలోపు ఏదో ఒక దారి చూడొచ్చనుకున్నాను.

"నువ్వున్నావు కదా, గీసేత్తావులే," అని మా ఆయన తాడు చుట్టి మూల పెట్టాడు.

నమోదు 17. వైశాఖం, తుఫాను వెళ్ళాక.

ఆ రోజు సంగతి రాస్తాను.

పొద్దున పదింటికి హెచ్చరిక వచ్చింది. కొండ తొలిచి కట్టిన తుఫాను గదిలో మా శాఖవాళ్ళకి ముందే చోటుంటుంది. బల్ల ముందు కూర్చుని ఏ గోడకి ఎంతమంది వస్తున్నారో చూసుకోవడం మా పని. ఏ గోడ దగ్గర రద్దీ తక్కువుంటే ఆ గోడ మీద గుమ్మం వెలుస్తుంది. అందుకని తుఫాను గుమ్మం ఫలానా చోట ఉంటుందని ఎవరూ గుర్తు పెట్టుకోలేరు. మా ఆయన పంపులు కట్టేసి, వీధిలో నడవలేనివాళ్ళని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. వెళ్ళేముందు, "మాగాయ జాడీ మీద మూత గట్టిగా బిగించావా?" అని అడిగాడు. బిగించానన్నాను.

మధ్యాహ్నానికి అన్ని గోడలూ ఖాళీ అయ్యాయి, ఒక్క తూర్పుగోడ తప్ప. రేకుకి మాట పంపితే చాలు, చూపబడిందని రాసుకునే బల్ల మీద ఇలా ఉంది. గుమ్మం చూపబడింది: ముప్ఫై ఒక్కరికి. నొక్కినవారు: లేరు.

"ఎదురుగా గుమ్మం పెట్టుకుని అలా నిలబడ్డారేమిటి వీళ్ళు?" అన్నారు ధనుంజయరావుగారు.

నేను తుఫాను గుమ్మం రాత బల్ల మీద విప్పి చూశాను. పైన కొత్త మాట ఉంది. కింద ఏమీ లేదు. పక్కన దులుపుడు గుర్తు ఉంది. తుఫానులో సంకేతం బలహీనపడుతుంది కాబట్టి ఈ గుమ్మాలు అన్నిటికన్నా తేలికగా ఉండాలని, ఈసారి పెరటివాళ్ళు వీటినే మొదట దులిపారు.

"వాళ్ళు ధవళలు కారండీ," అన్నాను. "తూర్పువీధివాళ్ళు. నేనే పేరు మార్చాను."

ఆయన నావైపు చూశారు. ఒక్క తిట్టు తిట్టలేదు. "ఊతకర్ర రాయండి. నేను తాళం తీయిస్తాను," అన్నారు. తుఫాను నడుస్తుండగా ఏ గుమ్మాన్నీ మార్చకూడదని తాళం వేసేస్తారు. ఆయన పైవాళ్ళని అనుమతి అడిగారు. కుదరదన్నారు. మళ్ళీ అడిగారు. నేను రాశాను. రాసింది సరిచూశాను, ఒక చోట తప్పు పోతే దిద్దాను. ఆయన బతిమాలారు, అరిచారు. చివరికి తాళం తీశారు. పంపాను. గాలికి తీగ తెగిపోయి గోడదాకా వెళ్ళలేదు. మళ్ళీ పంపాను. బల్ల మీద అదే రాత ఉంది. నొక్కినవారు: లేరు.

అప్పుడు తోచింది. తూర్పుగోడ మేం కూర్చున్న గది చివరే. లేచి పరుగెత్తాను. లోపలివైపునుంచి నా రేకుకి బొత్తాం చక్కగా కనిపించింది. ఆకుపచ్చగా, నా ఎత్తుకి సరిగ్గా. వేలు పెట్టాను, తెరుచుకుంది.

ఏ ఇల్లాలైనా తలుపు కొట్టిన చప్పుడు వినిపిస్తే లేచి వెళ్ళి తీస్తుంది. గుమ్మం పనివాళ్ళం కాబట్టి నాకూ ధనుంజయరావుగారికీ అది తోచలేదు. గుమ్మం చెడిందంటే గుమ్మాన్ని బాగుచేయడమే మాకు తెలుసు. ఆ కూర్చున్నంతసేపూ నేను కూర్చోకుండా ఉంటే మా ఆయన ఇవాళ బతికుండేవాడు. నన్నెవరూ ఆ మాట అనలేదు. అందుకే నేనే అంటున్నాను.

బయట జనం పంపుహౌసు తాడుతో ఒకరికొకరు కట్టుకుని మెట్ల పక్క రాతికి అతుక్కుని ఉన్నారు. ఆ ముడులు నాకు తెలుసు. వాళ్ళలో మా ఆయన లేడు.

"గోడ తడుముకుంటా అటెల్లాడమ్మా," అంది అచ్చియ్యమ్మ పిన్ని. "తలుపు దొరికితే కేకేత్తానన్నాడు."

ఆయనతోపాటు ఇంకో నలుగురు వెళ్ళారు. అయిదుగురూ మర్నాడు కాలవలో దొరికారు.

నమోదు 18. వైశాఖం.

తూర్పుగోడ చూడ్డానికి వెళ్ళాను. ఆ పక్కన చూరు ఉంది కాబట్టి వాన అంతగా కొట్టలేదు. మెట్ట ఎర్రమట్టి అంటుకున్న చేతుల గుర్తులు ఆ చివరనుంచి ఈ చివరదాకా ఉన్నాయి. మనిషి భుజమెత్తున, తలెత్తున, కిందికి వంగి మోకాలెత్తున. బొత్తాం ఉండే చోటల్లా, ఉండని చోటల్లా నొక్కారు. కొన్నిచోట్ల ఒకే చెయ్యి పదిసార్లు పడింది. చిటికెనవేలు కురచగా ఉన్న అరచెయ్యి అందరికన్నా దూరం వెళ్ళింది. గోడ మలుపు దగ్గర ఆఖరిది ఉంది. నా చెయ్యి దానిమీద పెట్టి చూశాను. ఆయన చెయ్యి పెద్దది, నా వేళ్ళు అందులో సగానికే వచ్చాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

బల్ల మీద మాత్రం ఇప్పటికీ నొక్కినవారు లేరనే ఉంది.

నమోదు 19. వైశాఖం.

విచారణ జరిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. "మీరు మార్చారనడానికి సాక్ష్యం?" అన్నారు. తూర్పువీధివాళ్ళని పిలిపించారు. ఒక్కొక్కరే వచ్చి, తమవి ధవళ రేకులేనని చెప్పి వెళ్ళారు. రేకులు కూడా అదే చెప్పాయి. అచ్చియ్యమ్మ పిన్ని నా మొహం చూడకుండా చెప్పింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"నిజం సెప్తే నీళ్ళు ఆపేత్తారమ్మా. పోయినోళ్ళు ఎలాగా రారు. మేం బతకాలి కదా."

"బతకాలి పిన్నీ," అన్నాను. కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. ఆ అబద్ధం నేర్పింది నేను.

తీర్పు వచ్చింది. గుమ్మం అందరికీ చూపబడింది. ఎవరూ నొక్కలేదు. బొత్తాం తగినంత కొట్టొచ్చినట్టు లేకపోవడమే కారణం. ఇకపై తుఫాను గుమ్మాల బొత్తాన్ని రెట్టింపు చేసి ఎర్రరంగు వేయాలి. తూర్పుగోడకి సున్నం కొట్టించాలి. నీళ్ళ గుమ్మాలతో సహా ఊరి గుమ్మాలన్నిటినీ వర్షాకాలంలోగా పూర్తిగా దులిపి ముగించాలి. ఎర్రబొత్తాం గీసే పని నాకే ఇచ్చారు, అనుభవం ఉన్నదాన్నని.

ధనుంజయరావుగారు పదవికి రాజీనామా ఇచ్చారు. తీసుకోలేదు. "మీరు ఈ పనికి కావాలి," అన్నారట. 

నమోదు 20. వైశాఖం.

ఇవాళ్టి పని: ఎర్రబొత్తాం గీయలేదు. నా రేకు తీసి ఒళ్ళో పెట్టుకుని, అది చెప్పుకునే ప్రవరలోంచి ధవళ అన్న మాట కొట్టేశాను. "నేను గవ్వని, గవ్వ వంటి తామరని" అని రాశాను. అచ్చం ఆయన రేకు చెప్పుకున్నట్టే. మళ్ళీ కంట్లో పెట్టుకున్నాను.

పొద్దున్నే బిందె తీసుకుని నీళ్ళ గుమ్మానికి వెళ్ళాను. "మీ రేకు పాతది. మార్చుకోండి." నా చేత్తో గీసిన నోటీసే, అక్షరాలు కుదురుగానే ఉన్నాయి. బియ్యం గుమ్మానికి వెళ్ళాను, అక్కడా అదే. మళ్ళీ నీళ్ళ గుమ్మానికి వచ్చి నిలబడ్డాను. ఎన్నిసార్లు చూపిస్తే అన్నిసార్లు లెక్కలో పడుతుంది. అచ్చియ్యమ్మ పిన్ని తన బిందెలో సగం నా బిందెలో వంచింది.

మధ్యాహ్నం ధనుంజయరావుగారు పిలిచారు.

"తాయారుగారూ, లెక్కలో పాత రేకు ఒకటి కనిపిస్తోంది. తామర. తూర్పువీధిలోనే. పొద్దుటినుంచి నీళ్ళ గుమ్మం దగ్గరే ఉంది. పొరపాటేమో చూసి తీసేస్తారా?"

"పొరపాటు కాదండీ. మా ఆయన."



"అయితే దులుపుడు ఆపాలి," అన్నారాయన. "తుఫాను గుమ్మాలకి ఊతకర్ర..."

"ఆ రోజు రాసింది అలాగే ఉందండీ. పెట్టేయండి. ఒక్కటున్నా తీయకూడదని మీరే పోట్లాడి పెట్టించారు కదా."

"మీకు నీళ్ళెలాగ?"

"ఆయన తాగినట్టే తాగుతాను," అన్నాను. సాయంత్రం బిందె తీసుకుని మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళాను, ఆయన ఇంకా ఉన్నాడని లెక్కలో పడడానికి.